గాజు కన్నుల శలభం

తొలకరి జల్లులు పడిన రెండు మూడు వారాలకు ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో పురుగుల ప్రస్తావన పెరగడం పరిపాటి. దీపం చుట్టూ మూగే ఉసిళ్ళ గూర్చి కొందరు, మునగచెట్టును పట్టిన కంబళి పురుగుల గూర్చి కొందరు వ్రాస్తూ ఉంటారు. ఈసారి ఖరగ్‌పూర్ పట్టణంలోని మలంచా నుండి ఒక ఉద్యోగి సతీమణి పంపిన ఉత్తరం వీటికంటె భిన్నమైనది. ఆమె అడిగిన ప్రశ్న చిన్నదే. కాని దానికి మేమిచ్చే సమాధానం పైన ఒక చెట్టు బ్రతుకు ఆధారపడి ఉన్నది. కనుక మిగిలిన ఉత్తరాలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ పుటను దీనికే కేటాయిస్తున్నాము.

ఉత్తరంలోని విషయం సంగ్రహంగా ఇది. ఆషాఢంలో ఒక రాత్రి వారి వసారా గోడపై, దీపానికి కొంచెం దిగువగా, రెండు అరచేతులు ప్రక్కప్రక్కన పరచినంత వెడల్పున ఒక రెక్కల జీవి వాలి ఉన్నది. పిల్లలు తొలుత గబ్బిలమనుకొన్నారట. దగ్గరకు వెళ్ళి చూడగా పసుపుపచ్చని రెక్కలు, నాలుగు రెక్కల పైన నాలుగు గుండ్రని కన్నులు, ఒక్కొక్క కంటి నడుమ గాజుబిళ్ళ వంటి పొర, ఆ పొరలోనుండి గోడ సున్నం కనబడుతున్నదట. పొట్ట లావుగా ఉన్నది. రెక్కలకు తోకలు లేవు. అది రెండు రోజులు అక్కడనుండి కదలలేదు. మూడవనాటికి కిటికీ తెరపైన ధనియాల వంటి గ్రుడ్లు వరుసగా అంటించి ఉన్నవి. అత్తగారు "దానిని ముట్టుకోవద్దు, విషపు పురుగేమో" అన్నారు. ప్రక్క ఇంటివారు ఇంకొక అడుగు ముందుకు వేసి, నిరుడు ఆశ్వయుజంలో వీరి ఇంటి ముందరి బాదంచెట్టు పైన బొటనవ్రేలి లావున కనిపించిన ఆకుపచ్చని పురుగులకు తల్లి ఇదేనని, ఆ చెట్టును కొట్టించివేయమని, లేనియెడల మందు చల్లించమని సలహా ఇచ్చారు. "ఇది ఏ పురుగు? పిల్లలున్న ఇంటిలో ప్రమాదమా? చెట్టు తీయించవలసినదేనా?" అని ఆ సోదరి ప్రశ్న.

ప్రక్క ఇంటివారు ఒక విషయంలో సరిగానే ఊహించారు. ఆ పచ్చని పురుగులకూ ఈ రెక్కల జీవికీ సంబంధం ఉన్నదనే చెప్పవలెను. వారి తీర్పు మాత్రం సరికాదు. ఉత్తరంలోని వర్ణనను బట్టి అది దసలి పట్టు శలభం, అందులోను ఆడది. శాస్త్రజ్ఞులు దీనిని ఆంథీరియా మైలిటా అంటారు. ఇది కరవదు, కుట్టదు. కరవడానికి దానికి పనిచేసే నోరే లేదు. గూటినుండి వెలువడిన నాటినుండి చనిపోయే వరకు, అంటే ఇంచుమించు వారం పది రోజులు, అది ఏమీ తినదు, త్రాగదు. పురుగు దశలో తిన్న ఆకుల సారమే దాని చివరిదాకా సరిపోవలెను. గోడకు అంటుకొని రెండు రోజులు కదలకపోవడం కూడా జబ్బు వలన కాదు. గ్రుడ్ల బరువుతో ఉన్న ఆడ శలభం అనవసరంగా ఎగరదు.

చూడకుండానే ఇంత ధైర్యంగా ఎట్లు చెప్పగలుగుతున్నారని పాఠకులు అడుగవచ్చు. రెక్కలను మాత్రమే వర్ణించి ఉంటే ఇంత ధైర్యం చేసి ఉండేవారము కాము. పెద్ద శలభాలను గుర్తించడంలో సాధారణంగా జరిగే పొరపాటు, రంగును చూచి పేరు పెట్టడం. దసలి శలభాలలో మగది ఎక్కువగా ఇటుకరంగు లేక గోధుమరంగులో ఉంటుంది. ఆడది పసుపుపచ్చగానో, బూడిదరంగుగానో ఉంటుంది. రెండింటిని ప్రక్కప్రక్కన పెడితే ఒకే జాతి అని తెలియనివారు నమ్మరు. మగదాని తలపైన ఉన్న మీసాలు వెడల్పుగా, పక్షి ఈకల వలె ఉంటాయి. ఆడదాని మీసాలు సన్ననివి. ఈ సోదరి మీసాల మాట వ్రాయలేదు గాని, లావైన పొట్ట, గ్రుడ్లు ఆ లోటును తీర్చాయి.

ఆ గ్రుడ్ల గూర్చి ఒక మాట. దసలి గ్రుడ్డు గుండ్రంగా కాక కొంచెం చదునుగా, దాదాపు 3 మిల్లీమీటర్ల పొడవున ఉంటుంది. దాని నడుము చుట్టూ రెండు గోధుమరంగు గీతలు సమాంతరంగా ఉంటాయి. భూతద్దం ఉంటే పిల్లలకు చూపించండి. ఆ రెండు గీతలు కనిపిస్తే ఇక సందేహం ఉండదు.

ఇక కంటిమచ్చల విషయం. మన ప్రాంతంలో ఇండ్లలోకి వచ్చే పెద్ద శలభాలలో కన్నులున్నవి ఇంకా ఉన్నాయి. ముదురు గోధుమరంగులో, గుడ్లగూబ ముఖాన్ని తలపించే ఒక శలభం వానాకాలంలో చీకటి మూలలలో వాలుతుంది. దాని కన్ను పై రెక్కలపైన మాత్రమే ఉంటుంది, నడుమ గాజుపొర ఉండదు. లేతాకుపచ్చని రంగులో, వెనుక రెక్కలకు పొడవైన తోకలతో వచ్చేది చంద్రశలభం. తోకలు లేవని ఈ సోదరి వ్రాయడం వలన దానిని వెంటనే తీసివేయగలిగాము. ఇంకా పెద్దదైన అట్లాస్ శలభానికి కూడ గాజు కిటికీలు ఉంటాయి గాని, అవి గుండ్రనివి కావు, ముక్కోణపువి. పైగా దాని రెక్క కొన పాము తలవలె వంగి ఉంటుంది. జీడిమామిడి, మామిడి తోటలు గల శ్రీకాకుళం వాసులకు పరిచయమైన మరొక చిన్న శలభం ఉన్నది. దాని పై రెక్కపైన చిన్న చిన్న గాజుచుక్కలు ఉంటాయి, దాని గూడు బంగారు తీగతో అల్లిన వలవలె ఉంటుంది. దసలికి నాలుగు రెక్కలపైన నాలుగు గుండ్రని కన్నులు, వాటి నడుమ పారదర్శకమైన పొర, తోక లేకపోవడం, వెడల్పు 15 సెంటీమీటర్లకు పైబడడం, ఇవన్నీ ఒకచోట కలిసిరావలెను.

అయినా అసలు సాక్ష్యం బాదంచెట్టుదే. ప్రతి పట్టుపురుగుకూ తన చెట్టు తనకు ఉంటుంది. దసలి పురుగు ప్రధానంగా నల్లమద్ది, తెల్లమద్ది, సాలవృక్షాల ఆకులు తింటుంది. మన ఇండ్ల ముందు నీడకోసం పెంచే బాదం ఈ మద్దిచెట్లకు దగ్గరి చుట్టం. మూడూ ఒకే ప్రజాతికి చెందినవి. రేగు ఆకును కూడ ఇది తింటుంది. ఖరగ్‌పూర్‌కు పడమరగా ఝార్‌గ్రామ్ వైపున, ఉత్తరంగా మేదినీపూర్ దాటిన తరువాత సాల అడవులు మొదలవుతాయి. ఆద్రా వెళ్ళే రైలులో ప్రయాణించినవారికి శాల్‌బని స్టేషను గుర్తుండే ఉంటుంది. ఆ పేరుకు సాలవనం అనే అర్థం. పశ్చిమ మేదినీపూర్, ఝార్‌గ్రామ్, బాంకుడా, పురూలియా జిల్లాలలో దసలి పురుగుల పెంపకం నేటికీ ఉన్నది. ఖరగ్‌పూర్‌కు దగ్గరలోని కేశియాడి ఒకనాడు దసలి నేతకు పేరుపొందిన ఊరు. అటువంటి ప్రాంతం నడుమనున్న పట్టణంలో, రహదారి ప్రక్కన మద్దిచెట్లు, ఇండ్ల ముందు బాదంచెట్లు ఉన్నచోట ఈ శలభం కనిపించడంలో ఆశ్చర్యం లేదు. బెంగాలీలో మలంచ అంటే పూలతోట అని అక్కడివారందరికీ తెలిసినదే. పేరుకు తగిన అతిథి వచ్చినదని మాకు అనిపించినది.

నిరుడు కనిపించిన పురుగుల సంగతి చూద్దాం. దసలి పురుగు గ్రుడ్డునుండి వెలువడినప్పుడు గోధుమరంగులో చీమకంటె కొంచెం పెద్దదిగా ఉంటుంది. నాలుగుసార్లు చర్మం విడిచి, అయిదు దశలు దాటి, నెల నెలన్నర రోజులలో చేతివ్రేళ్ళకంటె పొడవుగా పెరుగుతుంది. అప్పటికి అది చక్కని ఆకుపచ్చ రంగులో ఉంటుంది. ఇరుప్రక్కల వెండిపూత పూసినట్లు మెరిసే చుక్కలు ఉంటాయి. శరీరంపైన అక్కడక్కడ పలుచని వెంట్రుకలు ఉంటాయి గాని, దురద పుట్టించవు. మునగచెట్టు కాండాన్ని గుంపులుగా పట్టుకొనే కంబళి పురుగుకు, దీనికి తేడా ఇక్కడే ఉన్నది. ఒళ్ళంతా దట్టమైన బొచ్చు, గుంపులుగా చేరే అలవాటు ఉన్న పురుగును పిల్లలు తాకకుండా చూడవలసినదే. పచ్చగా, నున్నగా, ఒక్కొక్కటి ఒక్కొక్క కొమ్మకు వ్రేలాడుతూ ఆకు నములుతున్న లావైన పురుగును చూచి భయపడవలసినది లేదు. ప్రక్క ఇంటివారు ఈ రెండింటిని ఒకే పద్దులో వ్రాశారు.

ఆశ్వయుజంలో పెరిగిన పురుగులు గూళ్ళు కట్టుకొంటాయి. ఆ గూటిలోపల ప్యూపా నిద్రపోతుంది. చలికాలం, వేసవి అంతా, అయిదారు నెలలు ఆ నిద్రలోనే గడుస్తాయి. పగటి పొడవు, వేడి, గాలిలోని తేమ మారి, వానలు దగ్గర పడుతున్నవని తెలిసిన తరువాతనే శలభం బయటికి వస్తుంది. ఆశ్వయుజంలో పురుగులు, ఆషాఢంలో శలభం అన్న లెక్క ఆ సోదరి ఉత్తరంలో తనంతట తానే సరిపోయినది.

ఆ గూడు గూర్చి చెప్పక తప్పదు. దసలి కాయ వంటి పనితనం పురుగుల లోకంలో అరుదు. పురుగు మొదట తనకు నచ్చిన సన్నకొమ్మ చుట్టూ పట్టుదారంతో ఒక ఉంగరం అల్లుతుంది. ఆ ఉంగరం నుండి క్రిందికి గట్టి తొడిమ ఒకటి కడుతుంది. అప్పుడు ఆ తొడిమ కొనను పట్టుకొని రెండు మూడు ఆకులను దగ్గరకు లాగి, వాటి నడుమ కాయను అల్లడం మొదలుపెడుతుంది. సాల, బాదం ఆకులు రాలే చెట్లు. ఉంగరం, తొడిమ లేకపోతే ఆకులతోపాటు కాయ కూడ నేలరాలి చీమల పాలవుతుంది. ఆకు రాలినా కాయ కొమ్మను వదలదు. కాయ పైపొర కూడ కోడిగ్రుడ్డు పెంకుకంటె గట్టిగా ఉంటుంది. పట్టుదారాన్ని అంటించే జిగురులో పురుగు కాల్షియం ఆక్సలేట్ అనే లవణాన్ని కలిపి గోడకు సున్నం పూసినట్లు పూస్తుంది. మల్బరీ కాయ లోపలి ప్యూపాతో కలిపి 2 గ్రాములు తూగితే, మంచి దసలి కాయ 10 గ్రాములకు పైగా తూగుతుంది. ఇంత గట్టి గూటినుండి నోరులేని శలభం బయటికి ఎట్లు వస్తుందన్న ప్రశ్న రావడం సహజం. అది తొడిమ వైపున ఒక ద్రవాన్ని ఊరించి జిగురును మెత్తపరచి, దారాలను ప్రక్కకు నెట్టుకొని వస్తుంది.

ఈ పురుగుకు పేరు పెట్టడంలో పడిన తికమక కూడ రంగులను నమ్ముకొన్నందువలన వచ్చినదే అనిపిస్తుంది. 1758లో లిన్నేయస్ ఒక ఆసియా శలభానికి పాఫియా అని పేరు పెట్టాడు. 1773లో డ్రూరీ అనే ఆంగ్లేయుడు మైలిటా అని మరొక పేరు ప్రకటించాడు. ఇవి రెండు జాతులా, ఒకటేనా అన్న వాదం రెండు శతాబ్దాలు దాటినా పూర్తిగా చల్లారలేదు. మన దేశపు పట్టు పరిశోధన సంస్థలు మైలిటా అన్న పేరునే వాడుతున్నాయి. పాఫియా అన్నది గ్రీకుల ప్రేమదేవతకు ఒక పేరు. మైలిటా అన్నది బాబిలోనియా దేశపు ప్రేమదేవత పేరని హెరొడోటస్ వ్రాశాడు. తిండి తినని, సంతానం కోసమే వారం రోజులు బ్రతికే ఈ జీవికి ఆ దేవతల పేర్లు సరిపోయాయి గాని, ఒక్క పేరుతో సరిపెట్టి ఉంటే మనకు సుఖంగా ఉండేది.

దసలి పురుగు గూర్చి తొలిసారిగా శాస్త్రీయంగా, వివరంగా వ్రాసిన విలియం రాక్స్‌బర్గ్‌కు తెలుగు దేశంతో అనుబంధం ఉన్నది. ఆయన 1781 నుండి గోదావరి సీమలోని సామర్లకోటలో తోటలు వేసి మొక్కలను పరిశీలించిన వైద్యుడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్ళాడు. బెంగాలులోని దసలి, ఆముదపు పట్టుపురుగుల గూర్చి ఆయన వ్రాసిన వ్యాసం 1804లో లండన్‌లోని లిన్నేయన్ సంఘం వారి పత్రికలో అచ్చయినది. రేగు, మద్ది ఆకులను తినే ఈ పురుగును అడవిలోనే కాపాడి కాయలు సేకరిస్తారని, ఆ ముతక పట్టుతో నేసిన దోవతులను బ్రాహ్మణులు ధరిస్తారని ఆయన వర్ణించాడు. రైలుమార్గం పడి మనవారు శ్రీకాకుళం, విశాఖపట్టణం సీమలనుండి ఖరగ్‌పూర్‌కు తరలి వెళ్ళడానికి నూరేండ్లు ముందే గోదావరి తీరపు అనుభవం ఒకటి వంగదేశానికి చేరి ఈ పురుగును గుర్తుపట్టినదన్నమాట.

రాక్స్‌బర్గ్ వ్రాయకముందు మనవారికి ఇది తెలియదని కాదు. హరప్పా, చన్హుదారో త్రవ్వకాలలో దొరికిన నగల రాగితీగెలలోను, పూసలలోను చిక్కుకొని ఉన్న దారపు పోగులను పరిశీలించి, అవి ఆంథీరియా ప్రజాతికి చెందిన అడవి పట్టు పోగులని 2009లో పరిశోధకులు ప్రకటించారు. వాటి కాలం క్రీస్తుపూర్వం 2450 – 2000 ప్రాంతం. పట్టు అంతా చైనానుండి వచ్చినదే అన్న పాత మాటను అప్పటినుండి సవరించి చెప్పవలసి వచ్చినది.

అడవి పట్టు ఆసియా ఖండపు సొత్తు అని కూడ అనుకోరాదు. ఆఫ్రికాలో వేరు వేరు పట్టు శలభాలు ఉన్నాయి. వాటిని గూర్చి కొంచెం చెప్పడం అవసరం. ఎందుకంటే పేరు తెలియక పొరబడితే ఎంత నష్టమో అవి చక్కగా చూపుతాయి. బోట్స్వానా, నమీబియా, దక్షిణాఫ్రికాలలోని కలహారి ఎడారి ప్రాంతంలో తుమ్మజాతి చెట్లపైన గోనోమెటా అనే శలభం కాయలు కడుతుంది. ఆ కాయ చూడడానికి మన దసలి కాయకు దూరపు పోలికలో ఉంటుంది. కాని కుటుంబం వేరు. దాని పురుగు బొచ్చుపురుగు. ఆ గుచ్చుకొనే వెంట్రుకలను అది కాయ పైన కూడ పొదుగుతుంది. వట్టి చేతులతో తీసినవారికి దురద తప్పదు. మేత లేని కాలంలో నేలరాలిన కాయలను తుమ్మకాయలనుకొని పశువులు, జింకలు మింగితే పట్టు కరగక పొట్టలో అడ్డుపడి చనిపోతాయి. అయినా అక్కడి సాన్ ప్రజలు ఆ ఎండుకాయలలో చిన్న రాళ్ళు వేసి వరుసగా కుట్టి, నాట్యం చేసేటప్పుడు కాలికి గజ్జెలవలె కట్టుకొంటారు. నైజీరియాలో అనాఫే అనే శలభపు పురుగులు వందలకొద్దీ కలిసి ఒకే పెద్ద సంచివంటి గూడు కట్టుకొంటాయి. యొరూబా ప్రజలు ఆ పట్టుతో సాన్యాన్ అనే గౌరవప్రదమైన వస్త్రం నేస్తారు. ఆ పురుగులను అక్కడ కొందరు తింటారు కూడ. కాని అందులో బి1 విటమినును నాశనం చేసే పదార్థం ఉన్నందువలన, సరియైన పోషణ లేనివారికి వణుకు, నడక తడబడే వ్యాధి వస్తున్నట్లు వైద్యులు గుర్తించారు. అదే ఆఫ్రికాలో మోపానే చెట్టు ఆకులు తినే మరొక పురుగును లక్షలాది ప్రజలు ఎండబెట్టి వండుకొని తింటారు, దానివలన అటువంటి బాధ లేదు. ఆ మోపానే పురుగు మన దసలి కుటుంబానికే చెందినది. దాని శలభానికి కూడ రెక్కలపై కన్నులు ఉంటాయి.

మన అడవులలో పేరు తెలుసుకోవడం ఇంకొక విధంగా అవసరం. దసలి ఒకే జాతి అయినా, అడవిని బట్టి, ఎత్తును బట్టి, చెట్టును బట్టి దానిలో నలభైకి పైగా ప్రాంతీయ రకాలు ఏర్పడ్డాయి. సింగ్‌భూమ్ అడవులది డాబా, ఒడిశాలోని సిమ్లిపాల్ కొండలది మోడల్, బస్తర్‌ది రైలీ. మోడల్ కాయ మిక్కిలి పెద్దది. రైలీ ఇప్పటికీ మనిషి పెంపకానికి లొంగలేదు, అడవిలో ఏరుకోవలసినదే. మన తెలుగు నేలపై ఆదిలాబాదు, కరీంనగర్, వరంగల్ ఉమ్మడి జిల్లాల అడవులలో ఉన్న రకాన్ని ఆంధ్రా లోకల్ అంటారు. కాయ చిన్నది, దారం సన్ననిది. చెన్నూరు, మహదేవపూర్ ప్రాంతాలవారు తరతరాలుగా మద్దిచెట్లపైన ఈ పురుగులను పెంచుతూ వచ్చారు. మహదేవపూర్ దసలి చీరలు ఎరిగిన గృహిణులు మా పాఠకులలో తప్పక ఉంటారు. పెద్ద కాయ ఇచ్చే డాబా వంటి రకాలు వచ్చిన తరువాత ఈ స్థానిక రకం తగ్గుతూ వచ్చినది. ఒక రకం పోతే దానితోపాటు ఆ అడవి ఎండకు, ఆ ఆకుకు అలవాటు పడిన గుణం కూడ పోతుంది. మరల తయారు చేయడం ఏ ప్రయోగశాలకూ సాధ్యం కాదు.

పెంపకం అంటే చెట్టుపైన గ్రుడ్లు వేసి ఇంటికి వచ్చి కూర్చోవడం కాదు. పురుగు చెట్టు ఎక్కిన నాటినుండి కాయ కట్టేవరకు ఆ కుటుంబం చెట్టు క్రిందనే కాపురం ఉండవలెను. పగలు కాకులు, పిట్టలు, రాత్రి చీమలు. వడిసెలతో పిట్టలను తోలాలి. ఆకు అయిపోయిన చెట్టునుండి కొమ్మతో సహా పురుగులను తీసి మరొక చెట్టుకు మార్చాలి. ఒక ఈగ ఉన్నది, అది పురుగు వీపుపైన గ్రుడ్డు పెట్టి పోతుంది. లోపలినుండి దాని పిల్ల పురుగును తినివేస్తుంది. వీటన్నింటికంటె భయంకరమైనది పెబ్రిన్ అనే వ్యాధి. అది తల్లి శలభం నుండి గ్రుడ్లలోకి వస్తుంది. 1865 – 1870 మధ్య ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ దీనికి చూపిన ఉపాయమే నేటికీ ఆధారం. గ్రుడ్లు పెట్టిన తల్లిని నూరి, సూక్ష్మదర్శిని క్రింద చూచి, వ్యాధి బీజాలు ఉంటే ఆ గ్రుడ్లన్నీ కాల్చివేస్తారు. 1964లో రాంచీలో నెలకొన్న కేంద్ర దసలి పరిశోధన సంస్థ, బిలాస్‌పూర్ కేంద్రంగా పనిచేసే విత్తన సంస్థ ఇటువంటి వ్యాధిరహితమైన గ్రుడ్లను అందించే పని చూస్తున్నాయి.

ఇక కాయ చేతికి వచ్చిన తరువాత పెంచేవాడి ముందు ఒక కఠినమైన లెక్క నిలుస్తుంది. శలభం బయటికి రాకముందే కాయను ఆవిరిపట్టి ఎండబెడితే తెగని పొడవైన దారం వస్తుంది, మంచి వెల వస్తుంది. శలభాన్ని రానిస్తే వచ్చే ఏటికి గ్రుడ్లు వస్తాయి, కాని రంధ్రం పడిన కాయ వడికే నూలుకే పనికివస్తుంది. దానిని గిచ్చా అంటారు, వెల తక్కువ. కరవు సంవత్సరంలో విత్తనానికి ఉంచవలసిన కాయలను కూడ అమ్ముకొన్న కుటుంబాన్ని నిందించడం మాకు ఇష్టం లేదు. అడవిలో ఏరే కాయలన్నీ సంతకు పోతే ఆ అడవిలో మరుసటి ఆషాఢానికి శలభాలు ఉండవన్నది మాత్రం నిజం. కాయనుండి దారం తీసే స్త్రీల శ్రమ కూడ తక్కువది కాదు. సోడా నీటిలో ఉడికించిన కాయల దారాలను నాలుగైదు కలిపి తొడపైన రుద్ది మెలివేసే పద్ధతి తరతరాలుగా వచ్చినది. చర్మం పుండ్లు పడేది. కేంద్ర పట్టు మండలి ఈ పద్ధతిని తొలగించడానికి బునియాద్ అనే చిన్న యంత్రాలను పంచినది. మనం పూజకు కట్టుకొనే దసలి పంచె తేనెరంగు వెనుక ఈ కథంతా ఉన్నది. ఆ రంగు అద్దకం కూడ కాదు, ఆకులోని కషాయ గుణం వలన వచ్చినది. దానిని తెల్లబరచి రంగులద్దే మార్గాన్ని ఇంగ్లాండులోని థామస్ వార్డిల్ కనుగొని 1878 పారిస్ ప్రదర్శనలో పెట్టిన తరువాతనే ఐరోపావారికి దసలి పైన మోజు పుట్టినది. మా మటుకు మాకు తేనెరంగే ఇంపు.

మలంచా సోదరి ప్రశ్నలకు ఇక సూటిగా సమాధానాలు. పిల్లలకు ఎటువంటి ప్రమాదమూ లేదు. శలభం రెక్కలపై పొడి చేతికంటితే చేయి కడుగుకొంటే చాలు. చెట్టు కొట్టించవలసిన పని లేదు. బాదంచెట్టుపైన నాలుగైదు పదుల పురుగులు తిన్నా, ఆ చెట్టు మరల చిగురిస్తుంది. మందు చల్లవద్దని మరీ మరీ చెబుతున్నాము. ఆ మందుతో ఈ పురుగులు చచ్చుట మాట అటుంచి, చెట్టు క్రింద ఆడుకొనే పిల్లల ఊపిరిలోకి పోయేది కూడ అదే. బాదంకాయలు ఏరుకొని తినే పిల్లలు ఆ వీధిలో తప్పక ఉంటారు. నేలపై రాలే పురుగు పెంటికలతో వాకిలి పాడవుతున్నదన్నది ప్రక్క ఇంటివారి అసలు ఫిర్యాదు అయితే, అది న్యాయమైనదే. ఆ నెల రోజులు వాకిలి ఊడ్చే పని మీ ఇంటివారు తీసుకోవడం మంచిది. ఆ పెంట పూలమొక్కలకు ఎరువు కూడ.

కిటికీ తెరపైని గ్రుడ్లు పొదుగుతాయా అన్నది ఆడ శలభం మగదానితో కలిసినదా లేదా అన్నదానిపై ఆధారపడి ఉంటుంది. కలియని ఆడది కూడ గ్రుడ్లు పెడుతుంది, అవి వట్టివి. ఎనిమిది పది రోజులు చూడండి. పురుగులు వెలువడితే, మెత్తని కుంచెతోనో, లేత బాదం ఆకు అందించియో వాటిని చెట్టుపైకి చేర్చవచ్చు. గ్రుడ్లను తెరనుండి గీకవద్దు. మరొకసారి ఆడ శలభం వస్తే, రాత్రి దీపం ఆర్పి, కిటికీ తెరచి ఉంచండి. దీపపు వెలుగు శలభాలను దారి తప్పిస్తుంది. చీకటిలో ఆడదాని వాసన పట్టుకొని మగ శలభాలు దూరంనుండి వెతుక్కొంటూ వస్తాయి. ఇటుకరంగు రెక్కలతో, వెడల్పాటి ఈకల మీసాలతో ఒకటి వచ్చి వాలితే పిల్లలను లేపి చూపండి.

మాఘమాసంలో బాదం ఆకులు ఎర్రబడి రాలినప్పుడు ఒకసారి కొమ్మలవైపు తల ఎత్తి చూడండి. ఆకులేని కొమ్మకు బూడిదరంగులో కోడిగ్రుడ్డంత కాయ వ్రేలాడుతూ కనిపించవచ్చు. తొడిమ దగ్గర రంధ్రం ఉంటే శలభం వెళ్ళిపోయినదని అర్థం, దానిని కోసి పిల్లలకు ఇవ్వవచ్చు, ఉంగరంతో సహా కోయండి, ఆ ముడి చూడదగినది. రంధ్రం లేక, చేతితో తాకితే బరువుగా ఉంటే, కొమ్మపైననే ఆషాఢం దాకా ఉండనివ్వండి.